తప్పుడు పుట్టినతేదీతో రాసిన జాతకం

“ఏడాదిలో తయారుచేసి జనానికి పొడిచేశారండీ, అదేం టీకా?” ఈ మాట వినపడని తెలుగు ఇల్లు ఉండదు. పెళ్లి భోజనాల దగ్గర వింటాం, పొద్దుటి నడకలో వింటాం. జిమ్‌లోనో క్రికెట్ ఆడుతూనో ఓ కుర్రాడు కుప్పకూలాడన్న వార్త వస్తే గంటలో వాట్సాప్‌లో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. దీనికి ఎదురుపక్షం కూడా ఉంది. వాళ్లు సైన్సు తరఫు మనుషులు. “ఏడాదిలో టీకా చేసి చూపించారు, ఇంతకంటే అద్భుతం ఏముంటుంది?” అంటారు. ఒకరిది భయం, ఒకరిది భక్తి. ఒకరినొకరు వెక్కిరించుకుంటారు కూడా. కానీ ఎంఆర్‌ఎన్‌ఏ మందు 2020లో పుట్టిందన్న నమ్మకం మాత్రం ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి. పుట్టినతేదీ తప్పు వేసిన జాతకంలో ఒక పంతులు గండం చూశాడు, ఇంకో పంతులు రాజయోగం చూశాడు. నా తగువు ఆ తేదీతోనే.

తగువులోకి దిగేముందు మన ఇంటి లెక్క ఒకటి తేల్చుకోవాలి. మన దేశంలో వేసిన కోవిడ్ టీకాలు 220 కోట్ల డోసుల పైమాటే. అందులో సింహభాగం కోవిషీల్డ్. దాని తర్వాతిది హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ చేసిన కోవాగ్జిన్. కొంతమందికి, ముఖ్యంగా పిల్లలకు, బయోలాజికల్-ఇ వారి కోర్బెవ్యాక్స్ వేశారు. కోవిషీల్డ్ చింపాంజీల జలుబు వైరస్‌ని వాహనంగా వాడుకున్న టీకా. కోవాగ్జిన్ చంపిన వైరస్. పోలియో ఇంజెక్షన్ కాలం నాటి పద్ధతి. కోర్బెవ్యాక్స్ ఒక ప్రొటీన్ ముక్క. ఈ మూడింటిలో ఎంఆర్‌ఎన్‌ఏ టీకా ఒక్కటీ లేదు. ఫైజర్ 2021 ఫిబ్రవరిలో తన దరఖాస్తు వెనక్కి తీసేసుకుంది. మోడర్నాకి అదే ఏడాది జూన్‌లో అనుమతి దొరికినా మన టీకా కార్యక్రమంలోకి రానేలేదు. పుణెలోని జెన్నోవా చేసిన దేశీ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాకి అత్యవసర అనుమతి వచ్చింది 2022 జూన్‌లో. అప్పటికి పెద్దవాళ్లలో చాలామందికి రెండు డోసులూ పడిపోయాయి. అంటే ఫైజరో మోడర్నానో వేయించుకున్నది డాలస్‌లో ఉన్న కొడుకు. అది ఒంట్లో ఏం చేస్తోందో అని నిద్రపట్టనిది గుంటూరులో ఉన్న తండ్రికి. అమెరికా గొడవని మనం పార్సిల్ తెప్పించుకున్నాం. కోవిషీల్డ్‌తో అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య వచ్చిన మాట నిజమే, దాని మీద వేరే చర్చ జరగాలి, జరిగింది కూడా. కానీ దాన్ని ఎంఆర్‌ఎన్‌ఏ ఖాతాలో రాయడం కుదరదు.

ఇక తేదీ. కణం కేంద్రకంలో డీఎన్‌ఏ ఉంటుంది, ప్రొటీన్లు తయారయ్యేది కేంద్రకం బయట. మధ్యలో కబురు మోసేది ఎవరన్నది 1950లలో పెద్ద చిక్కుముడి. ఆ మోసేది కొద్దిసేపు బతికి కరిగిపోయే ఆర్‌ఎన్‌ఏ, అంటే ఎంఆర్‌ఎన్‌ఏ, అని సిడ్నీ బ్రెన్నర్, ఫ్రాన్స్వా జాకబ్, మాథ్యూ మెసెల్సన్‌ల బృందం 1961లో తేల్చింది. అదే ఏడాది మార్షల్ నిరెన్‌బర్గ్, హైన్రిక్ మత్తాయి ప్రయోగశాలలో చేసిన ఆర్‌ఎన్‌ఏని కణద్రవంలో వేసి ప్రొటీన్ పుట్టించారు. ఆర్‌ఎన్‌ఏ రాతని ప్రొటీన్‌గా మార్చే ఆ లిపిని పూర్తిగా చదవడంలో మన హర్‌గోవింద్ ఖొరానా పాలు ఎంతుందో 1968 నోబెల్ చెబుతుంది. ఇంకా వెనక్కి పోవాలంటే మన భీమవరం దాకా పోవచ్చు. అక్కడ పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1929లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రకటించిన ఏటీపీని మనం కణానికి ఇంధనంగానే గుర్తుపెట్టుకున్నాం. ఆర్‌ఎన్‌ఏ రాసే నాలుగు అక్షరాల్లో ‘ఏ’ అనే అక్షరానికి ముడిసరుకు కూడా అదే. ఈనాటికీ ఎంఆర్‌ఎన్‌ఏ టీకా చేసే తొట్టిలో ఏటీపీ పోయందే పని మొదలవదు.

కబురు మోసేది దొరికాక దాన్నే మందుగా వాడుకుందామన్న ఊహ రావడానికి ఎంతోకాలం పట్టలేదు. 1978లో కుందేలు ఎంఆర్‌ఎన్‌ఏని కొవ్వు బుడగల్లో పెట్టి ఎలుక కణాల్లోకి పంపారు. 1984లో హార్వర్డ్‌లో ఎంఆర్‌ఎన్‌ఏని గాజు గొట్టంలో కావలసినట్టు తయారుచేసుకునే దారి దొరికింది. 1990లో విస్కాన్సిన్‌లో ఎలుక కండరంలోకి నేరుగా ఎక్కించి చూస్తే, ఆ కండరం ప్రొటీన్ చేసింది. 1993లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు కొవ్వు బుడగల్లో ఫ్లూ ఎంఆర్‌ఎన్‌ఏ పెట్టి ఎలుకల్లో రోగనిరోధక స్పందన రాబట్టారు. గమనించండి, 1993. కొవ్వు బుడగ, అందులో వైరస్ ప్రొటీన్‌కి సంబంధించిన ఎంఆర్‌ఎన్‌ఏ, ఇంజెక్షన్, స్పందన. 2020 టీకా నమూనా మొత్తం అప్పటికే ఉంది. మరి ఇంకో 27 ఏళ్లు ఎందుకు పట్టింది? ఏడాది వాదులు ఇద్దరూ అడగని ప్రశ్న ఇది. జవాబు దొరికితే వాళ్ల వాదాలు రెండూ కూలతాయి కాబట్టి నేను ఇక్కడ కాసేపు ఆగుతాను.

మొదటి అడ్డంకి, బయటినుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఏని మన ఒళ్లు శత్రువుగా చూస్తుంది. వైరస్‌లలో చాలా వాటి జన్యువులు ఆర్‌ఎన్‌ఏతోనే ఉంటాయి గనుక, తెలియని ఆర్‌ఎన్‌ఏ కనపడగానే కణాలు గంట కొట్టే ఏర్పాటు కోట్ల ఏళ్లుగా ఉంది. ల్యాబులో చేసిన ఎంఆర్‌ఎన్‌ఏని ఎక్కిస్తే కావలసిన ప్రొటీన్ కొంచెమే వచ్చేది, వాపు మాత్రం బోలెడు వచ్చేది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కాతలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ దీన్ని ఓపిగ్గా విప్పారు. రకరకాల ఆర్‌ఎన్‌ఏలను రోగనిరోధక కణాల ముందు పెట్టి చూస్తే, బాక్టీరియా ఆర్‌ఎన్‌ఏకీ ల్యాబు ఆర్‌ఎన్‌ఏకీ గంట మోగింది. క్షీరదాల కణాల్లో ప్రొటీన్‌కి కావలసిన ముక్కల్ని మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏకి మాత్రం దాదాపు మోగలేదు. తేడా ఎక్కడుంది? టీఆర్‌ఎన్‌ఏలో చాలా అక్షరాలు రసాయనికంగా కొద్దిగా మార్చి ఉంటాయి. యురిడిన్ ఉండాల్సిన చోట సూడోయురిడిన్ ఉంటుంది. అక్షరం చదవడానికి అదే, రాతలో చిన్న మెలిక. ఆ మెలికని తమ ఎంఆర్‌ఎన్‌ఏలో పెడితే గంట మోగడం ఆగిపోయింది. ప్రొటీన్ కూడా ఎక్కువ వస్తుందని ఆ తర్వాత తేలింది. 2005లో ‘ఇమ్యూనిటీ’ పత్రికలో ఈ ఫలితం వచ్చింది. అంతకుముందు ‘నేచర్’ తిప్పిపంపింది. అచ్చయ్యాక కూడా లోకం పెద్దగా పట్టించుకోలేదు. సూడోయురిడిన్ అనే అక్షరం ఉందని మాత్రం 1950లలోనే తెలుసు. కనుక్కున్నవాళ్లకి టీకా ఆలోచన కలలోనైనా లేదు.

కరికో జీవితాన్ని ఇప్పుడు సినిమా కథలా చెబుతున్నారు: హంగరీ నుంచి కూతురి బొమ్మలో డబ్బు దాచుకుని వచ్చిన మనిషి, 1995లో ఉద్యోగంలో కిందికి దించిన విశ్వవిద్యాలయం, 2023లో నోబెల్. కథ నిజమే. కానీ ఆ బొమ్మ గురించి తెలిసినవాళ్లలో నూరో వంతు మందికైనా ఆ 2005 ప్రయోగం ఏమిటో తెలుసా అంటే అనుమానమే.

రెండో అడ్డంకి రవాణా. ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైములు మన చర్మం మీద, చెమటలో, రక్తంలో అంతటా ఉన్నాయి. దాన్ని కాపాడుతూ కణంలోకి చేర్చాలంటే బుడగ కావాలి. ఆ బుడగ రక్తంలో ఒకలా, కణం లోపలి ఆమ్లంలో ఇంకోలా ప్రవర్తించాలి. వాంకూవర్‌లో పీటర్ కల్లిస్ లాంటి వాళ్లు దశాబ్దాలపాటు ఇలాంటి కొవ్వుల మీదే పనిచేశారు. ఈ బుడగలో ఆర్‌ఎన్‌ఏ పెట్టి మనిషికి ఎక్కించడానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ తొలిసారి ఒప్పుకున్నది కోవిడ్ టీకాకి కాదు. 2018 ఆగస్టులో పాటిసిరాన్ అనే మందుకి. నరాల్లో, గుండెలో ప్రొటీన్ పేరుకుపోయే ఒక వంశపారంపర్య జబ్బుకి వాడే మందది. అది చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలతో జన్యువు నోరు నొక్కుతుంది. ఆ విద్య 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెలో మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగులో కనిపెట్టిన విద్య. పురుగు నుంచి ఆసుపత్రికి 20 ఏళ్లు. ఆ మధ్యలో 2010లో రోష్ లాంటి పెద్ద కంపెనీ ఇది అయ్యే పని కాదని చేతులు దులుపుకుని పోయింది.

ఇప్పుడు ఏడాది వాదానికి నేను చూపించదలచిన అసలు సాక్షి జర్మనీలోని క్యూర్‌వాక్. 2000లో పెట్టిన కంపెనీ, ఎంఆర్‌ఎన్‌ఏని నమ్ముకున్న తొలి కంపెనీల్లో ఒకటి. 2020లో దానికి అదే మహమ్మారి, అదే వైరస్ జన్యుక్రమం, అదే తొందర, ప్రభుత్వ సొమ్ము కూడా. దాదాపు 40 వేలమంది మీద పరీక్షించింది. 2021 జూన్‌లో ఫలితం చూస్తే, సామర్థ్యం 50 శాతానికి కిందే. అక్టోబరుకి దరఖాస్తు వెనక్కి తీసుకుంది. కొత్త వేరియంట్లు దెబ్బతీశాయని కంపెనీ చెప్పుకుంది. కానీ ఫైజర్, మోడర్నాలు వాడిన ఆ మెలిక అక్షరాన్ని క్యూర్‌వాక్ వాడలేదు. మామూలు యురిడిన్‌తోనే నడిచింది. వాపుకి భయపడి డోసు 12 మైక్రోగ్రాముల దగ్గరే ఆపింది. ఓటమికి ఇదే కారణమని ఈ రంగంలో చాలామంది అభిప్రాయం, నాదీ అదే. తొందర వల్లే టీకా పుట్టి ఉంటే క్యూర్‌వాక్‌కీ పుట్టాలి. తొందర వల్లే టీకా చెడి ఉంటే మిగతా రెండూ చెడాలి. ఒకే ఏడాది, ఒకే తొందర, తేడా కొట్టింది మాత్రం 2005 నాటి జ్ఞానం దగ్గర. ఆ క్యూర్‌వాక్‌ని కొనుక్కోవడానికి 2025లో ఒప్పందం కుదుర్చుకున్నది ఎవరో తెలుసా? ఫైజర్ టీకా తయారుచేసిన బయోఎన్‌టెక్.

మరి ఆ ఏడాదిలో జరిగిందేమిటి? 2020 జనవరి రెండో వారంలో చైనా శాస్త్రవేత్తలు వైరస్ జన్యుక్రమం బయటపెట్టారు. రెండుమూడు రోజుల్లో మోడర్నా టీకా నమూనా ఖరారైంది. భక్తులకు ఈ ముక్క చాలా ఇష్టం. ఆ రెండు రోజులు సాధ్యమైంది ఎందుకంటే, మెర్స్ అనే ఇంకో కరోనా వైరస్ కోసం చేసిన పనిలో బార్నీ గ్రాహమ్, జేసన్ మెక్‌లెల్లన్ బృందాలు వైరస్ పైన ముల్లులా ఉండే స్పైక్ ప్రొటీన్‌ని సరైన ఆకారంలో కదలకుండా నిలిపే కిటుకు 2017 నాటికే ప్రచురించి ఉన్నాయి కాబట్టి. రెండు చోట్ల ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం పెడితే చాలు. మార్చి 16న సియాటిల్‌లో తొలి మనిషికి టీకా వేశారు. ఆ తర్వాత పరీక్షల దశలేవీ ఎగ్గొట్టలేదు. ఒకదాని మీద ఒకటి పరిచారు. ఫలితం రాకముందే ఫ్యాక్టరీలు తిప్పారు, పోతే పోయింది డబ్బేనని. ఫైజర్ పరీక్షలో పాల్గొన్నది దాదాపు 44 వేలమంది. కోవిడ్ బారిన పడ్డ 170 మందిలో 162 మంది ఉత్తుత్తి సూది వేయించుకున్నవాళ్లు, 8 మంది అసలు టీకా వేయించుకున్నవాళ్లు. జబ్బు ఊరంతా మండుతుంటే లెక్క తేలడానికి ఏళ్లు పట్టదు. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్ని మనుషుల మీద పరీక్షించడం కూడా అప్పుడు కొత్త కాదు. రేబిస్‌కి క్యూర్‌వాక్ 2013లో, బర్డ్ ఫ్లూకి మోడర్నా 2015లో మొదలుపెట్టాయి.

అనుమతి ఇచ్చే నాటికి పాల్గొన్నవాళ్లని గమనించిన వ్యవధి సగటున రెండు నెలలే. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. ఇంజెక్షన్ తర్వాత ఏళ్లకి ఏమవుతుందో ఆ రోజు ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. కానీ ఆ రోజు దాటి అయిదేళ్లయింది, వందల కోట్ల డోసులు పడ్డాయి. చెడు ఏదైనా ఉంటే కనిపించే చోట వెతికారు, కనిపించింది కూడా. 2021 వసంతంలోనే ఇజ్రాయెల్ గుర్తుపట్టింది, ముఖ్యంగా రెండో డోసు తర్వాత కుర్రవాళ్లలో మయోకార్డైటిస్ అనే గుండె కండరాల వాపు. అరుదు, కానీ నిజం. చాలామందికి తగ్గిపోతుంది, అందరికీ తేలిగ్గా పోలేదు. ఆ ఏడాది అక్టోబరులో స్వీడన్, ఫిన్లండ్ కుర్రవాళ్లకి మోడర్నా ఆపేశాయి. దాచిపెట్టారని అరిచేవాళ్లు ఈ తేదీలు చూడాలి. నిఘా పనిచేసింది కాబట్టే మనకి ఈ సంగతి తెలుసు.

మన దగ్గర కుర్రవాళ్ల ఆకస్మిక మరణాల సంగతి వేరు. 19 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని 47 ఆసుపత్రుల సమాచారంతో, 18 నుంచి 45 ఏళ్ల వాళ్ల మీద ఐసీఎంఆర్ 2023లో అధ్యయనం చేసింది. టీకా వల్ల ముప్పు పెరగలేదని తేలింది. ముప్పుతో ముడిపడి కనిపించినవి గతంలో కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, ఇంట్లో ఇలాంటి మరణాలు ఉండటం, చావుకు కాస్త ముందు మితిమీరి తాగడం, విపరీతమైన శారీరక శ్రమ. జిమ్ వార్త కింద టీకా బొమ్మ పెట్టే పెద్దమనుషులు ఈ జాబితా ఒకసారి చదవాలి.

ఇంకోటి, ‘డీఎన్‌ఏ మార్చేస్తుంది’ అన్నది. ఎంఆర్‌ఎన్‌ఏ కేంద్రకంలోకి పోదు, దాన్ని డీఎన్‌ఏగా తిప్పిరాసే ఎంజైము టీకాలో లేదు. 2022లో స్వీడన్ ల్యాబులో కాలేయ క్యాన్సర్ కణాల్లో టీకా ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ నకలు కనిపించింది కదా అంటారు. కనిపించింది, గిన్నెలో పెంచిన క్యాన్సర్ కణాల్లో. ఆ నకలు జన్యువుల్లోకి దూరిందని ఆ అధ్యయనం చూపించలేదు. ఇటుపక్క వాళ్లూ తక్కువ తినలేదు. రెండు రోజుల్లో మొత్తం మాయమైపోతుందని టీవీల్లో ఢంకా కొట్టారు. లింఫ్ గ్రంథుల్లో దాని ఆనవాళ్లు కొన్ని వారాలపాటు ఉంటాయని స్టాన్‌ఫర్డ్ వాళ్లు చూపించాక ఆ అతిశయోక్తే అనుమానాలకు మేత అయింది. నిజం చెప్పడానికి నిజం చాలు.

అసలు ఆర్‌ఎన్‌ఏ మందు అంటే కోవిడ్ టీకా ఒక్కటే అనుకోవడమే ఈ జాతకంలోని పెద్ద పొరపాటు. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ పేరు తెలుగువాళ్లకి కొత్త కాదు. 16 కోట్ల ఇంజెక్షన్ కోసం చంటిబిడ్డ ఫొటో పెట్టి విరాళాలు అడిగే తల్లిదండ్రుల్ని చాలాసార్లు చూశాం. ఆ ఇంజెక్షన్ జన్యుచికిత్స. అదే జబ్బుకి ఆర్‌ఎన్‌ఏ దారి ఇంకోటి ఉంది. ఈ పిల్లల్లో ఎస్‌ఎంఎన్-1 అనే జన్యువు పనిచేయదు. దాదాపు అచ్చంగా అలాంటిదే ఎస్‌ఎంఎన్-2 వాళ్లలో ఉంటుంది కానీ, ఒక్క అక్షరం తేడా వల్ల దాని ఆర్‌ఎన్‌ఏని కత్తిరించి అతికేటప్పుడు ఒక ముక్క జారిపోతుంది. ఆ ముక్క జారిపోకుండా పట్టుకునే మందు చేశారు కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఏడ్రియన్ క్రైనర్, ఐయోనిస్ కంపెనీ. నుసినర్సెన్ అని పేరు, 2016 డిసెంబరులో అమెరికాలో అనుమతి. ఆర్‌ఎన్‌ఏకి కత్తిరింపులు ఉంటాయని లోకానికి తెలిసింది 1977లో, అదీ జలుబు తెప్పించే అడినోవైరస్‌ని పరిశీలిస్తుంటే. ఆ రోజు ఫిలిప్ షార్ప్‌నీ రిచర్డ్ రాబర్ట్స్‌నీ ‘దీనివల్ల రోగికేం లాభం?’ అని అడిగి ఉంటే వాళ్ల దగ్గర జవాబు లేదు. 39 ఏళ్ల తర్వాత జవాబు పసిపిల్లల వెన్నులోకి ఎక్కించే మందుగా వచ్చింది.

ఇదే కత్తిరింపుని నోటితో తాగే మందుతో సరిచేసేది రిస్డిప్లామ్. అది ఆర్‌ఎన్‌ఏతో చేసిన మందు కాదు, ఆర్‌ఎన్‌ఏ మీద పనిచేసే మందు. రోష్ దాన్ని మన దేశంలో సీసా 6 లక్షల పైచిలుకుకి అమ్మింది. హైదరాబాద్ కంపెనీ నాట్కో దాని జెనెరిక్ చేస్తానంటే కోర్టుకి లాగింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా అడ్డుపడనన్నాక నాట్కో పెట్టిన ధర 15,900 రూపాయలు. ఆర్‌ఎన్‌ఏ శాస్త్రం డబ్బున్న దేశాల సరదా అనేవాళ్లకి ఈ అంకె చాలు.

భక్తులతో ఆఖరి మాట. ‘ఏడాదిలో టీకా చేశారు, ఇంకో ఏడాదిలో క్యాన్సర్‌కీ చేసేస్తారు’ అని రాయడం ఆపండి. రోగి గడ్డలోని మార్పుల్ని చదివి ఆ ఒక్కరి కోసం ఎంఆర్‌ఎన్‌ఏ టీకా చేసే పని నిజంగానే ఆశ కలిగిస్తోంది. మోడర్నా, మెర్క్ కలిసి 157 మంది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగులపై చేసిన పరీక్షలో, పెంబ్రోలిజుమాబ్ అనే క్యాన్సర్ మందు ఒక్కటే తీసుకున్నవాళ్లతో పోలిస్తే దానితోపాటు టీకా కూడా తీసుకున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టే లేదా చనిపోయే ముప్పు 44 శాతం తగ్గింది. న్యూయార్క్‌లో 16 మంది పాంక్రియాస్ క్యాన్సర్ రోగులకి ఇలాంటి టీకా ఇస్తే 8 మందిలో స్పందన కనిపించింది. ఇవి చిన్న అంకెలు. ఎంఆర్‌ఎన్‌ఏ చేతికొచ్చినా హెచ్‌ఐవీకి టీకా ఇంకా రాలేదు. ఎందుకంటే అక్కడ స్పైక్‌కి దొరికినట్టు సరైన లక్ష్యం దొరకలేదు. కబురు రాయడం వచ్చినంత మాత్రాన ఏం రాయాలో తెలిసిపోదు.

ఈ తప్పు తేదీకి మూల్యం ఇప్పటికే చెల్లిస్తున్నారు. 2025 ఆగస్టులో అమెరికా ఆరోగ్యశాఖ 22 ఎంఆర్‌ఎన్‌ఏ టీకా ప్రాజెక్టుల్ని, దాదాపు 50 కోట్ల డాలర్ల పనిని, రద్దు చేసింది. అది భయస్తుల చేతిలో జరిగింది. మన దగ్గర జరిగేది భక్తుల పద్ధతిలో. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ 2022 మేలో సొంతంగా ఎంఆర్‌ఎన్‌ఏ టీకా వేదిక తయారుచేసి ఎలుకల్లో ఫలితం చూపించింది. క్షయ, డెంగీ, మలేరియాలకీ ఇదే దారి వాడొచ్చని చెప్పింది. పేపర్లు ఒకరోజు పండగ చేసుకున్నాయి. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ సాంకేతికతని నేర్పడానికి బయోలాజికల్-ఇని ఎంచుకుంది. ఆ తర్వాత ఈ పని ఎంతదాకా వచ్చిందని ఎన్ని పత్రికలు అడిగాయి? ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఆ జబ్బుని ఆపడానికి మన చేతిలో ఉన్న టీకా 1921 నాటి బీసీజీ ఒక్కటే. సీసీఎంబీ ఎలుకల దగ్గర మొదలుపెట్టిన పని మనుషుల దాకా రావాలంటే పదేళ్లో పదిహేనేళ్లో తెగకుండా డబ్బు ఇవ్వాలి, మధ్యలో ఫలితం ఏదని గొంతు మీద కూర్చోకూడదు. బడ్జెట్ రాసేవాళ్లని అడగాల్సింది ఇది. వాట్సాప్‌లో టీకా గురించి తగువుపడే ఓపిక ఉన్నవాళ్లు ఆ ఓపికలో కొంత ఈ ప్రశ్నకి ఖర్చుపెట్టండి.